బట్టీ పట్టిన చూపు

రాజమల్లు బోరింగుకు రాంరాం పెట్టాడని పక్క క్వార్టరు భద్రమ్మ చెప్పిందట. పొద్దున డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బా ఊపుకుంటూ క్వార్టర్ల వెంట వస్తున్నవాడు బోరింగు మీద ఎవరో ఆరేసిన తెల్లతువ్వాలను చూసి నిలబడ్డాడట. "రాంరాం ఉప్పలన్నా, పానం మంచిగున్నదా?" అని పలకరించి, జవాబు రాకపోయేసరికి, "ఏందన్నా, నా మీద కోపమా?" అనుకుంటూ వెళ్లిపోయాడట. ఇంత కథనూ భద్రమ్మ నోటి నుంచి ఎత్తుకొచ్చి కట్టమ్మ గడప ముందు దించింది పాలు పోసే లక్ష్మీనర్సమ్మ.

"నేను నవ్వలే కట్టమ్మా, నా పిల్లల మీద ఒట్టు. భద్రమ్మే కడుపు పట్టుకొని నవ్వుతాంది."

"రాత్రంత బొగ్గుపొగల నిలబడి వచ్చిన మనిషి. నిద్రకండ్ల మీద ఏదన్న అంటడు," అంది కట్టమ్మ, గిన్నె ముందుకు జరుపుతూ. "నువ్వు నీ పాలల్ల నీళ్ల సంగతి సూసుకో ముందుగాల. మా ఇంటాయన కండ్లు నేను సూసుకుంట."

లోపల జడ వేసుకుంటున్న కూతురు పద్మ చేతిలో దువ్వెన సగంలో ఆగిపోయింది. ఆకాశంలోంచి రాలిన స్కైలాబు తమ నెత్తిన పడలేదని కాజీపేటంతా ఊపిరి పీల్చుకున్న రోజులవి. పద్మ నెత్తిన మాత్రం అది ఇంకా వేలాడుతూనే ఉంది. తువ్వాలకు రాంరాం పెట్టిన ఆ కళ్లే రేపో ఎల్లుండో మళ్లీ గూడ్సుబండి ఇంజను కిటికీలో నుంచి సిగ్నలు వెతుక్కుంటాయి.

రాజమల్లు గూడ్సు డ్రైవరు. ఏడాదిగా కళ్లలో పొర కమ్ముతోంది. ఎరుపు తెలుస్తుంది, పచ్చ తెలుస్తుంది. దూరాన ఉన్న వస్తువు అంచులే చెమ్మగిల్లిన సున్నపుగోడ మీద బొమ్మలా అలుక్కుపోతాయి. హనుమకొండలో కళ్లద్దాల దుకాణాయన ఎన్ని అద్దాలు మార్చి పెట్టినా లాభం లేకపోయింది. "ఇది అద్దాలకు లొంగేది కాదు పెద్దమనిషీ," అని చేతులు కడుక్కున్నాడు. శుక్రవారం రైల్వే దవాఖానలో కంటి పరీక్ష. అందులో తప్పితే ఇంజను దిగాలి. షెడ్డు గేటు కాడ కావలి కూర్చోవాలి. వచ్చే జీతానికి పద్మ కాలేజీ ఉండదు. ఇవన్నీ రాజమల్లు ఎన్నడూ నోటితో అనలేదు. ఒక్కసారి మాత్రం అన్నాడు.

"కావలి కూసున్న డ్రైవర్ని సూసినవా బిడ్డా? ఎవని ఇంజన్ కూతేసినా లేసి నిలబడ్తడు. మళ్ల కూసుంటడు. మళ్ల లేస్తడు."

ఆ మాట విన్న తెల్లారే కట్టమ్మ నెత్తికి గుడ్డ కట్టుకుంది. "తల పలిగిపోతాందని నేనంట. డాక్టరు నా కండ్లల్ల బత్తీ కొట్టి సూస్తడు గదా, అప్పుడు నువ్వు గోడ దిక్కు సూడు," అని కూతుర్ని వెంటబెట్టుకుని ఆ దవాఖానకే పోయింది. గోడ మీద అక్షరాల అట్ట వేలాడుతోంది. పైన గుమ్మమంత ఒకే అక్షరం, కిందికి పోను పోను చీమల బారు. పద్మది చిన్నప్పటి నుంచీ ఒకసారి చూస్తే అచ్చు దిగే బుర్ర. తల్లి కళ్లలో డాక్టరు చూస్తున్నంతసేపూ ఆమె అట్టను పైనుంచి కిందికి తాగేసింది. ఇంటికొచ్చి తండ్రికి పోయడం మొదలుపెట్టింది.

రాజమల్లు దాన్ని తన పద్ధతిలో నేర్చుకున్నాడు. డ్రైవరుకు కొత్త లైనులో బండి ఇచ్చేముందు ఆ లైను నేర్పుతారు. మలుపు ఎక్కడ, ఎత్తు ఎక్కడ, గేటు ఎక్కడ, అన్నీ మనసులో పరుచుకున్నాకే బండి చేతికిస్తారు. "ఇదీ గంతే. కొత్త లైను," అన్నాడతను మంచం మీద బాసింపట్టు వేసుకుని. పై పెద్దక్షరం కాజీపేట. దాని కింది వరుస వరంగల్. ఆ తర్వాత వంచనగిరి, చింతలపల్లి, ఎల్గూరు, నెక్కొండ. నెక్కొండ దాకా చదివితే పాసు. ఇంకా కింద ఇంటికన్నె, కేసముద్రం ఉన్నాయి గానీ వాటితో పని లేదని పద్మ చెప్పింది. "ఉన్న లైను సగం నేర్చుకుంటరా?" అని అవీ నేర్చుకున్నాడు. అక్షరాలను కళ్లు మూసుకుని, కుడిచెయ్యి గాలిలో ఇంజను రెగ్యులేటరు పిడి మీద ఆనించినట్టు పెట్టి, స్టేషను తర్వాత స్టేషను దాటించేవాడు.

కట్టమ్మ పొయ్యి ముందు నుంచే చెవి ఒగ్గి వినేది. "ఎల్గూర్ల ఆగినవు. మళ్ల చెప్పు," అనేది.

పద్మకు అది మొదట్లో సరదాగానే ఉండింది. ఒకనాటి ఇంగ్లిషు క్లాసు దాకా.

రామలింగం సార్ చాక్‌పీసు బల్ల మీద కొట్టి, బోర్డు నిండా మాటలు రాశాడు. క్లెవర్, ష్రూడ్, కన్నింగ్, స్లై, ట్రిక్, చీట్, డిసీవ్, ఫ్రాడ్. 

"ఇవన్ని ఒక్క ఇంటి పిల్లలు. మొకాలు ఒక్క తీరుగనే ఉంటయి, బుద్ధులు వేరు. ఒకని అంగి ఇంకొకనికి తొడిగితే పరీక్షల మార్కులు పోతయి, బయట పరువు పోతది. క్లెవర్ అంటే ఉత్త తెలివి. దానికి మంచీ చెడ్డా ఇంక అంటలేదు. ష్రూడ్ అంటే అవతలోని మనసు సదివే తెలివి. కన్నింగ్ అంటే మొకం దాసిపెట్టుకున్న తెలివి. స్లై అంటే పాలగిన్నె దిక్కు పోయే పిల్లి నడక."

వెనక బెంచీలో నిర్మల లేచింది. వాళ్లది వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం. "సార్, మా తాత గిరాకీ చెప్పుల దిక్కు సూసి ధర చెప్తడు. అదేందవుతది?"

"ష్రూడ్."

"మా నాయిన ముందుగాలనే చాయ తెప్పిస్తడు. చాయ తాగినోళ్లకు బేరం ఆడబుద్ధి కాదు."

"అది క్లెవర్. జర కన్నింగ్ గూడ కలిసింది."

"మా బావ సార్, గజంబద్ద పెట్టి కొలిచేటప్పుడు బట్టను రబ్బరు లెక్క గుంజుతడు."

"అది చీటింగ్. నేనన్ననని మీ బావకు చెప్పకు. నా పెండ్లాం చీరెలు ఆడనే కొంటది."

క్లాసంతా గొల్లుమంది. పద్మ కూడా నవ్వింది. ఆమె మనసులో అప్పటికే తమ ఇంటి పనికి ఒక మాట దొరికింది. ట్రిక్. ఎవరికీ దెబ్బ తగలకుండా, తర్వాత చెప్పుకుని నవ్వుకునేది. అది చాలు.

"పద్మా, డిసీవ్‌కు చీట్‌కు ఏందమ్మా తేడా?"

లేచి నిలబడింది. బోర్డు మీది ఆ రెండు మాటల మధ్య చూపు తిప్పింది.

"చీట్ చెయ్యాలంటే ఎవడైనా సరిపోతడు," అన్నాడు సార్ ఆమెను కూర్చోమని సైగ చేస్తూ. "దారిన పోయేటోడైనా సరే. డిసీవ్‌కు మాత్రం ఒక సామాను కావాలె. నమ్మినోడు. అవతల నమ్మినోడు ఒకడుండాలె. వాడు లేకపోతే ఆ మాటే పుట్టది. ఇగ ఫ్రాడంటారా, డిసీవ్ కోర్టు మెట్లెక్కినంక పెట్టుకునే పేరు."

కోర్టు అన్న మాట పద్మను వదల్లేదు. అట్టను దొంగచూపు చూసింది తను. నేర్పింది తను. బస్సులో ఇంటికి వస్తూ కాజీపేట బ్రిడ్జి మీద కింద పోతున్న రైలును చూసింది. కిటికీల్లో మోచేతులు, ఒక పిల్ల ఎర్ర రిబ్బను, నిద్రలో ఊగుతున్న తలలు. ఎవరూ ఇంజను దిక్కు చూడటం లేదు. ఎవరికీ ఆ అవసరమే తోచలేదు.

బుధవారం సాయంత్రం బస్సు దిగేసరికి యాకయ్య చౌరస్తాలో నిలబడి ఉన్నాడు. యాకయ్య రాజమల్లు దగ్గర ఫైర్‌మన్. ఇంజనులో బొగ్గు వేసేది అతనే. ఎప్పుడు కనబడ్డా "చెల్లే, ఇంగ్లీషుల నన్ను తిట్టు, సూద్దాం" అని ఆటపట్టించే మనిషి. ఆ వేళ మాత్రం ముఖం కడుక్కోకుండా వచ్చినట్టున్నాడు, మసి చెంపల మీద అట్లాగే ఉంది.

"జర ఇటు రా చెల్లే. ఒక మాట."

కిళ్లీడబ్బా వెనక్కు తీసుకుపోయాడు. మెడలోని రుమాలు తీసి చేతులకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఇంజన్ మీద ఒక రివాజున్నది. సిగ్నల్ చెయ్యి దిగితే పోవాలె, అడ్డముంటే ఆగాలె. అది కనబడంగనే డ్రైవర్ తన కిటికీల నుంచి సూసి గట్టిగ ఒర్లాలె. నేను నా కిటికీల నుంచి సూసి మళ్ల ఒర్లాలె. ఇద్దరి మాట కలిస్తెనే బండి పోవాలె. ఎరికేనా?"

"బాపు చెప్పిండు."

"ఏడాది సంది నేనే ముందు అంటాన. 'దిగింది కాకా' అని నేనంట, 'దిగింది' అని మీ బాపు అంటడు. గట్ల నడుస్తాంది. ఎవ్వలకు తెల్వది. నాకు ఫికరేం లేకుండె. నా కండ్లే ఇద్దరికి సాలుతయనుకున్న." రుమాలు మళ్లీ చుట్టాడు. "మొన్న వానల ఏమైందంటే, నేను బొగ్గు ఏస్తాన. తల లోపట ఉన్నది. కాక ముందుగాల 'దిగింది' అన్నడు. నేను సూడకుంటనే 'దిగింది' అన్న. వరుస తప్పినా నోటికి అలవాటు తప్పలే. పార ఆడ పెట్టి తల ఎత్తి సూస్తే సిగ్నల్ చెయ్యి అడ్డంగనే ఉన్నది."

పద్మ కిళ్లీడబ్బా రేకు పట్టుకుంది.

"బ్రేకు మీద ఇద్దరి చేతులు పడ్డయి. చక్రాలు జారుతాంటే ఆ సప్పుడు... ముందట పాసింజర్ నిలబడి ఉన్నది చెల్లే. ఆఖరు డబ్బాల ఒక ముసలామె కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టి, వాన నీళ్లు పట్టి, మనుమరాలి మూతి కడుగుతాంది. ఆమె చేతి గాజులు కనబడ్డయి నాకు. గంత దగ్గర. ఆమె తల గూడ ఎత్తలే. ఇంజన్ ఆగుతదని ఆమెకు ఎరుకే అన్నట్టు."

"ఎవరికన్న చెప్పినవా అన్నా?"

"ఎవలకు చెప్పాలె? పార పట్టుడు నేర్పింది ఆయన. నాకు జ్వరమొస్తే నా పని గూడ ఆయనే చేసిండు. నా నోటితోటి నేను చెప్పలేను." అతను రుమాలును గట్టిగా ముడేశాడు. "నువ్వైతే ఒకటి చెయ్యొచ్చు. పరీక్షకు నువ్వే నేర్పుతానవట గదా. ఒక వరుస తప్పు నేర్పు. నెక్కొండ కాడ రెండక్షరాలు అటిటు చెయ్యి. కాక తప్పుతడు. షెడ్డుల కూసుంటడు. బతికుంటడు. నేను గూడ బతికుంట."

గురువారం పొద్దు గూకే వేళకు రాజమల్లు స్నానం చేసి, తెల్లబనీను వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. "ఇయ్యాల ఆఖరు ట్రిప్పు. పచ్చజెండా ఊపు బిడ్డా."

పద్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కాజీపేట, వరంగల్, వంచనగిరి గడిచాయి. నెక్కొండ దగ్గర ఆపింది.

"బాపూ, ఈడ తప్పు చెప్తానవు. మూడోది డీ కాదు, ఓ." ఆమె గొంతు ఆమెకే ఎవరిదోలా వినబడింది. "డీ తర్వాతది."

రాజమల్లు కళ్లు తెరిచాడు. పొర కమ్మిన ఆ కళ్లు ఆమె ఉన్న దిక్కుకు తిరిగి, ఆమె ముఖానికి కొంచెం పక్కగా ఆగాయి. "మొన్నటి దాక డీ ముందు చదివితిమి గదా?"

"నేనే... నేనే తప్పు చదివిన మొదలు."

పొయ్యి ముందు కట్టమ్మ చేతిలో గరిటె ఆగింది. ఎందుకు, ఎట్లా, మళ్లీ పోయి చూసి వచ్చినవా అని ఒక్క ప్రశ్న అడిగినా చాలు, పద్మ బయటపడిపోతుంది.

"నువ్వన్నవంటే గదే సరి," అన్నాడు రాజమల్లు. కళ్లు మూసుకున్నాడు. గాలిలో రెగ్యులేటరు మీద చెయ్యి పెట్టి తప్పు వరుసను చదివాడు. మళ్లీ చదివాడు. పాత వరుస నాలుక మీదికి వస్తే తల విదిలించి దాన్ని తోసేసి, కొత్తదాన్ని కూర్చోబెట్టుకుంటున్నాడు. నుదుట చెమట పట్టింది. బడిలో చేరిన ముసలి పిల్లవాడిలా ఉన్నాడు.

నమ్మినోడు. ఆ ఒక్క సామాను మంచం మీద, తెల్లబనీనులో, ఆమె ఎదురుగా కూర్చుని ఉంది.

"లేదు బాపూ," అంది పద్మ. "నాకే మతి తప్పింది. మొదలు చెప్పిందే సరి. డీయే ముందు."

"గట్లనే అనుకున్న," అని నవ్వాడతను. "నెక్కొండ నాకు అత్తగారూరు, నేను తప్పుతనా?"

కట్టమ్మ గరిటె మళ్లీ కదిలింది.

దవాఖాన వరండాలో బెంచీ నిండా డ్రైవర్లు, ఫైర్‌మన్లు. ఎవరి కళ్లు వారు నులుముకుంటున్నారు. ఒకాయన కొత్తిమీర రసం పిండుకుని వచ్చాడట, కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి. పద్మ తండ్రి మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకువచ్చింది. డాక్టరు తల ఎత్తాడు.

"నువ్వు మొన్న మీ అమ్మను తీసుకొచ్చావు కదూ? తలనొప్పి తగ్గిందా?"

"తగ్గింది సార్."

"ఈయన మీ నాన్నగారా?" 

"అవును సార్." తండ్రి మోచెయ్యి వదిలి గుమ్మాన్ని పట్టుకుంది.

రాజమల్లు గీత మీద నిలబడ్డాడు. ఒక కన్ను అరచేత్తో మూసుకున్నాడు. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంటూనే, "ఊఁ, చదువు," అన్నాడు. బండి కాజీపేట దాటింది. వరంగల్. వంచనగిరి. తొందర లేదు, తడబాటు లేదు. పద్మకు ప్రతి అక్షరంలో తన గొంతే వినబడుతోంది, ఎక్కడ తను ఊపిరి పీల్చేదో అక్కడే అతనూ పీలుస్తున్నాడు. డీ ముందు వచ్చింది. నెక్కొండ దాటింది. 

"చాలు," అన్నాడు డాక్టరు.

రాజమల్లు ఆగలేదు. నేర్చుకున్న లైను చివరి స్టేషను దాకా పోవాల్సిందే. ఇంటికన్నె చదివాడు. కేసముద్రం చదివాడు. అన్నిటికంటే కింద, చీమల బారును కూడా ఒక్క చీమ తప్పకుండా చదివి, చెయ్యి దించాడు.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. కళ్లజోడు తీసి అట్ట వంక చూశాడు, పెట్టుకుని మళ్లీ చూశాడు. ఆ తర్వాత రాజమల్లు వంక. ఆ తర్వాత గుమ్మంలో ఉన్న పద్మ వంక. అక్కడి నుంచి ఆయన చూపు వెంటనే కదలలేదు. లేచి కిటికీ దగ్గరికి పోయాడాయన.

"ఇలా రావయ్యా. ఆ నీళ్లట్యాంకు మీద ఏముందో చెప్పు చూద్దాం."

కిటికీ బయట పెరడు. పెరడు అవతల ట్యాంకు. రాజమల్లుకు ట్యాంకు కూడా ఒక బూడిదరంగు మబ్బే అయి ఉంటుంది. అతను కిటికీ చువ్వలు పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచాడు, ఇంజను మీద దూరపు కూత వినేటప్పుడు వంచినట్టు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. బెంచీ మీద ఎవరో దగ్గారు.

కాకి ఒక్కసారి అరిచింది.

"కాకి సార్," అన్నాడు రాజమల్లు.

డాక్టరు పెద్దగా నవ్వాడు. "నాకు అద్దాలుంటే గాని ఆనలేదయ్యా! ఏం తింటారు మీ ఇంట్లో?" భుజం తట్టి, వచ్చి కుర్చీలో కూర్చుని సంతకం పెట్టాడు. 

రామలింగం సార్ బోర్డు మీద రాసిన మాటలను పద్మ ఒక్కొక్కటే తండ్రి వీపు మీద పెట్టి చూసింది. క్లెవర్ అతికింది. కన్నింగ్ కూడా అతికింది. సంతకం పెడుతున్న డాక్టరు ముఖంలోని సంతోషం చూశాక అవన్నీ జారిపోయాయి. మిగిలిన మాట ఒక్కటే, నమ్మినోడు కావాల్సిన మాట. అది తండ్రి వీపు మీద కాదు, తన అరచేతుల్లో ఉన్నట్టనిపించి, దారి పొడవునా ఓణీకి తుడుచుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున వాకిట్లో నలుగురూ చేరారు. ఫిట్ సర్టిఫికెట్ వెనకే ఇంకో కబురు వచ్చింది. ఎన్నాళ్లుగానో ఆగి ఉన్న ప్రమోషను. వచ్చే వారం నుంచి రాజమల్లు డోర్నకల్ పాసింజరుకు డ్రైవరు. భద్రమ్మ లడ్డూ అందుకుని, "నేనంటనే ఉన్న గదా, రాజమల్లన్న కండ్లు గద్ద కండ్లని," అంటోంది. ఎవరూ బోరింగు ఊసెత్తలేదు. యాకయ్య అరుగు చివర కూర్చున్నాడు. చేతిలో లడ్డూ అట్లాగే ఉంది. పద్మ దిక్కు ఒక్కసారి చూసి, మళ్లీ చూడలేదు.

"యాకిగా, నిన్ను గూడ నాతోటే ఏసిండ్రు. అడిగి ఏపిచ్చుకున్న," అన్నాడు రాజమల్లు. "గూడ్సు అంటే బొగ్గు మోసుడు, బియ్యం మోసుడు. పాసింజర్ అంటే మనుషులు. స్టేషన్ల బండి ఆపితే పిల్లలు ఇంజన్ కాడికొచ్చి నిలబడ్తరు."

"అవు కాకా," అన్నాడు యాకయ్య.

కట్టమ్మ గడప పక్కన కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఆమె పెట్టిన తలనొప్పితోనే ఇదంతా మొదలైంది. ఎల్గూరు దగ్గర ఆగిన ప్రతిసారీ మళ్లీ బండి కదిలించింది ఆమే. నిన్న లడ్డూలకు బూందీ దూసింది కూడా ఆమే.

"కట్టమ్మా, ఇను," అన్నాడు రాజమల్లు హుషారుగా, ఆమె ఉన్న దిక్కు అంచనాగా తిరిగి. "మొదటి ట్రిప్పుకు మీరిద్దరు ఎక్కుండ్రి. ముందు డబ్బాల కూసోండ్రి, ఇంజన్ ఎనకనే. నెక్కొండల మీ తమ్ముని ఇంటికాడ దిగుండ్రి. అక్కను బావ బండిల దింపిండని ఊరంత చెప్పుకుంటది."

కట్టమ్మ చాటను రెండుసార్లు ఎగరేసి, రాళ్లు ఒక మూలకు తట్టింది. ఒక రాయి ఏరి దూరంగా విసిరింది. తల ఎత్తలేదు.

"నువ్వు నడిపే బండి నేనెక్క. నా బిడ్డను గూడ ఎక్కనియ్య. మేం బస్సుకు పోతం."